కార్లు మూగబోయిన ఆదివారం

మా వారు ఇంజన్ల శబ్దం వినే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వింతగా అనిపిస్తుంది గానీ, కార్ల కంపెనీలకి పేరుపడ్డ డెట్రాయిట్ చుట్టుపక్కల అలాంటి ఉద్యోగాలున్నాయి. కొత్త ఇంజన్ ఎక్కడ కీచుమంటోందో, ఎక్కడ గరగరలాడుతోందో విని చెప్పడం ఆయన పని. అలాంటి మనిషికి చెవులు మందగిస్తే ఒప్పుకుంటారా? టీవీ సౌండ్ పెంచేవారు. నేను గొణుగుతున్నానని విసుక్కునేవారు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే. చెవులు చూపించుకోండి అంటే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆలస్యం చేస్తే మాటలు పోల్చుకునే శక్తే పోతుందని మా డాక్టర్ ఆయన ఎదురుగానే చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత ఉంది గానీ, దాన్ని మా ఇంట్లో నవ్వులాటకి కూడా నోట రానిచ్చేదాన్ని కాదు.

అది 2014 మార్చి. ఫార్ములా వన్ కార్ల రేసుల సీజన్‌లో మొదటి రేసు మెల్‌బోర్న్‌లో. మనకి అది అర్ధరాత్రి దాటాక వస్తుంది కాబట్టి, రికార్డ్ చేసి ఆదివారం పొద్దున ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా బేస్‌మెంట్‌లో కూర్చుని చూడడం ఆనవాయితీ. ఫలితం ముందే తెలిసిపోకుండా, చూసేదాకా ఇంట్లో ఎవరూ కంప్యూటర్ తెరవకూడదు, ఫోన్ ఎత్తకూడదు. నాకు రేసుల్లో ఓనమాలు తెలియవు. రేసు మొదలవగానే ఆయన కళ్ళు మూసుకుని వింటారు, నేను కాఫీ తాగుతూ ఆయన మొహం చూస్తాను. నాకు అదే రేసు. చలికాలమంతా వాకిట్లో మంచు ఎత్తిపోసుకున్న మనిషి ఆ రొద వినగానే కుర్రాడైపోయేవారు.

ఆ ఏడాది రేసు కార్లకి చిన్న ఇంజన్లు పెట్టారని ఆయనకి తెలుసు. చిన్నదైనా రేస్ ఇంజన్ రేస్ ఇంజనే అని ధీమా. ఎర్ర లైట్లు ఆరాయి, కార్లు కదిలాయి, ఆయన కళ్ళు మూసుకున్నారు. వెంటనే తెరిచారు. రిమోట్ అందుకుని సౌండ్ పెంచారు. ఇంకా పెంచారు. కామెంటేటర్ అరుపులకి నా గుండె అదిరిపోతోంది గానీ, ఆయన మొహం పాలిపోయింది.

"మాటలు వినపడుతున్నాయే. ఇంజన్ వినపడట్లేదు. అంత హెచ్చు పిచ్ నా చెవులకి అందడం పోయింది."

"నాకూ అంతే వినపడుతోందండీ. వాక్యూమ్ క్లీనర్‌లా ఉంది."

"నన్ను ఓదార్చకు" అని టీవీ ఆపేశారు. రేసు మధ్యలో ఆపేయడం నేనెప్పుడూ చూడలేదు. రిమోట్ బల్ల మీద పెట్టేసి, "రేపు ఫోన్ చేసి ఇయర్ టెస్ట్ బుక్ చెయ్యి" అన్నారు. ఇన్నాళ్ళూ బతిమాలిన దానికి ఫలితం దక్కింది, కానీ ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున బుక్ చేశాను. సాయంత్రానికి ఆయనతో పాటు పనిచేసిన వరంగల్ అతను ఫోన్ చేశాడు.

"అన్నా, రేసు చూసినవా? కార్లు మూగబోయినయే! టికెట్ కొని పోయినోళ్ళు సుత ఆన్‌లైన్‌ల తిడుతున్నరు!"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నా చెవులు కాదే! కార్లే!" అని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అంత సంతోషం ఆయన మొహంలో చూసి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వుతోనే "ఆ టెస్ట్ క్యాన్సిల్ చేసెయ్" అన్నారు.

ఏమని వాదించను? ఈసారి నిజం కూడా ఆయన పక్షానే చేరింది. కార్ల సంగతి వేరు, మీ సంగతి వేరు అన్నాను. చూశావా, మళ్ళీ గొణుగుతున్నావు అన్నారు. తర్వాత నాలుగు రోజులూ కనపడినవాళ్ళందరికీ ఆ కథే చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆయన చెవులు ఇంకొంచెం బాగుపడ్డాయి. నేను పక్కన నిలబడి నవ్వుతున్నట్టు మొహం పెట్టడం తప్ప చేయగలిగింది లేదు.

శనివారం ఇండియన్ స్టోర్‌కి బయల్దేరాం. చలికి అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. ఆయన డ్రైవ్ చేస్తూ, కార్లకి నోళ్ళు కట్టేసిన వాళ్ళని తిడుతున్నారు. దూరంగా వెనక సైరన్ వినపడింది. దగ్గరైంది. కార్లన్నీ కుడివైపు తప్పుకున్నాయి. మేం మాత్రం రోడ్డు మధ్యన కబుర్లు చెప్పుకుంటూ వెళ్తున్నాం. "ఏమండీ, పక్కకి తీయండి" అని అరిచాను. ఆగలేదు. భుజం పట్టుకుని కుదిపాను. అప్పుడు అద్దంలో చూసుకుని గభాలున పక్కకి తీశారు. అంబులెన్స్ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది.

ఆయన స్టీరింగ్ వదల్లేదు. నా వైపు తిరిగి, "వీటి సౌండ్ కూడా తగ్గించారా?" అని అడిగారు. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు.

"లేదండీ" అన్నాను.

"ఆఁ?" అన్నారు.

మళ్ళీ చెప్పాను.