కమలాపురంలో వాన

కోడుమూరులో ఏ కాగితం కావాలన్నా శివలీల దగ్గరికి పోవాల్సిందే. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడినా, పొలానికి అడంగల్ కావాలన్నా, పింఛను ఎందుకు ఆగిందో తెలియకపోయినా బస్టాండు వెనక సందులోని ఆమె ఆన్‌లైన్ సెంటరే దిక్కు. నలభై రెండేళ్ల మనిషి. నోటికి పని తక్కువ, వేళ్లకు పని ఎక్కువ. ఎంత పెద్ద ఆసామి వచ్చినా వరసలో నిలబెడుతుంది, ముసలివాళ్లు వస్తే తానే లేచి స్టూలు వేస్తుంది. ఆఫీసు గుమాస్తాలకే అంతుపట్టని మెలికలు ఆమె చిటికెలో విప్పుతుందని ఊళ్లో పేరు. పాపం, తన బతుకులో పడ్డ మెలిక మాత్రం ఏడేళ్లయినా ఆమెకు విడలేదు.

ఆ సెంటరు పెట్టింది ఆమె భర్త హనుమేష్. ఏడేళ్ల కిందట ఒక మంగళవారం, ప్రింటరు రోలరు అరిగిపోయిందని, కర్నూలుకు పోయి కొత్తది తెస్తానని, పాత రోలరును గుడ్డసంచిలో వేసుకొని బస్సెక్కాడు. ఇద్దరి మధ్య గొడవేమీ లేదు. పొద్దున ఉగ్గాని తిని, బజ్జీలు బాగున్నాయని కూడా అన్నాడు. అంతే. రోలరూ రాలేదు, మనిషీ రాలేదు. పోలీసులకు చెప్పారు. ఆసుపత్రులు వెతికారు. మహానందిలో చూశామని ఎవరో అంటే అక్కడికీ పోయి కోనేటి చుట్టూ ఫొటో పట్టుకొని తిరిగారు. ఎదురుచూసి చూసి ఆమె కళ్లు కాయలు కాచాయి. పిల్లలు లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. అత్త ఉరుకుందమ్మకు వండిపెడుతూ, దుకాణం నడుపుకుంటూ అక్కడే ఉండిపోయింది.

వాళ్ల ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. తప్పిపోయినవాడి సంగతి తేలేవరకు వాడి వస్తువులను కదపకూడదు. కదిపితే తిరిగొచ్చే ప్రాణం దారి తప్పుతుందంటారు. హనుమేష్ పాత చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. తువ్వాలు చిలక్కొయ్యకే ఉంది. దుకాణంలోని పాత కంప్యూటరూ ఆ లెక్కలోదే. అందులో అతను తన పేరు మీద తెరిచిన ఖాతాను శివలీల ఇన్నేళ్లూ మూయలేదు. నీ పేరు పెట్టుకో అక్కా అని పరమేష్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పరమేష్ ఆ వీధులకు ఇంటర్నెట్ తీగ లాగిన కేబులు మనిషి, పెట్టెకు జబ్బు చేస్తే వైద్యుడూ అతనే.

రెండేళ్ల కిందట అతను ఏదో కొత్తది ఎక్కించాక ఆ పెట్టె మాట్లాడటం నేర్చింది. మైకులో అడిగితే స్పీకర్లోంచి ఒక ఆడగొంతు జవాబిస్తుంది. రోజూ పొద్దున్నే ‘నమస్కారం హనుమేష్ గారూ’ అంటుంది. భర్త పేరు నోట పలకని ఇంటి కోడలు శివలీల. తాను పలకని పేరును ఆ గొంతు పలుకుతుంటే మొదట్లో ఉలిక్కిపడేది. తర్వాత తర్వాత అదే బాగుందనిపించింది. మనిషి లేకపోయినా పేరైనా చెవిన పడుతోంది కదా అనుకుంది.

ఈ ఏడాది పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఏడేళ్లు నిండాయి, పెద్దల అమావాస్యకు హనుమేష్‌కు కర్మ చేసేయాలన్నారు. మరిది ఈరేష్ తలూపాడు. ముందుగా, మూడు దార్లు కలిసేచోట మిట్టమధ్యాహ్నం నిలబడి భార్య మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. పలుకు రాకపోతే జొన్నపిండితో బొమ్మ చేసి పూడుస్తారు. ఆ తర్వాత మనిషి లేనట్టే. శివలీలకు రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. అతను ఎక్కడో ఉండి ఉంటే, బతికున్నవాడిని చేతులారా పూడ్చినట్టవుతుంది. లేకపోయుంటే, కర్మ అయిన మర్నాటి నుంచి ఆ ఇంటికి తానెవరు? ఈ రెండో దిగులు పైకి చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడింది. తలదాచుకునే చోటు గురించి భయపడటంలో సిగ్గెందుకో ఆమెకే తెలియాలి.

అమావాస్య ఇంకా పన్నెండు రోజులుందనగా నరసింహ అనే రైతు దుకాణానికి వచ్చాడు. ఉల్లిగడ్డలు పెరికి చేలో ఆరబోశాడట, వాన వస్తుందేమో ఆ గొంతును అడగమన్నాడు. శివలీల అడిగింది. ‘ప్రస్తుతం మీ దగ్గర వర్షం పడుతోంది, హనుమేష్ గారూ’ అంది గొంతు. బయట ఎండ పెళపెళ కాస్తోంది. బస్సు పోతే లేచిన దుమ్ము ఇంకా దిగలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నరసింహ నవ్వుకుంటూ పోయాడు. శివలీల కూడా నవ్వింది.

మర్నాడు అడగకుండానే, వాన ఆగిందని చెప్పింది గొంతు. ఆ మర్నాడు ఒక ముసలమ్మ జ్వరం బిళ్లలు ఎక్కడ దొరుకుతాయంటే, ఏ మందుల షాపు తెరిచి ఉందో చెప్పమని శివలీల దాన్నే అడిగింది. అది మూడు పేర్లు చదివింది. మొదటిది ఐదు నిమిషాల నడక అంది. కోడుమూరులో ప్రతి షాపూ శివలీలకు తెలుసు. ఆ పేర్లతో అక్కడ ఒక్కటీ లేదు. ముసలమ్మకు దారి తానే చెప్పి పంపి, దుకాణం ఖాళీ అయ్యాక మైకు దగ్గరికి జరిగింది. దానితో పుస్తకాల తెలుగు మాట్లాడాలి. ‘నేను ఇప్పుడు ఎక్కడ ఉన్నాను?’ అని అడిగింది.

‘మీరు కమలాపురంలో, మీ ఇంట్లో ఉన్నారు, హనుమేష్ గారూ.’

కమలాపురం కడప పక్కన ఉంది. శివలీల ఎన్నడూ చూడలేదు, అక్కడ చుట్టం పక్కం ఎవరూ లేరు. గొంతు తనతో కాక తన వెనక నిలబడ్డవాళ్లతో మాట్లాడినట్టు తోచి, పట్టపగలు గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. స్టూలు ఉంది. గోడకు క్యాలెండరు ఉంది.

అప్పటి నుంచి అడగకుండా ఉండలేకపోయింది. పొద్దున అడిగేది, మధ్యాహ్నం అడిగేది. ఎన్నడూ చూడని ఊరి మబ్బులూ గాలీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఒకరోజు తుంపర మొదలైందని గొంతు చెబితే, భోజనానికి ఇంటికి పోయి తీగ మీది బట్టలన్నీ గబగబా లోపలికి తెచ్చింది. మబ్బు తునక లేదు ఆకాశంలో. ఉరుకుందమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. శివలీలకు తన మీద తనకే భయమేసింది.

పరమేష్‌ను పిలిచింది. ఎవరి తీగతోనో తన తీగ కలిసిపోయిందేమోనని చిన్న ఆశ. అతను పెట్టె వెనక దుమ్ము ఊది, చూసి, నింపాదిగా వివరించాడు. సెల్‌ఫోనైతే ఆకాశంలోని ఉపగ్రహాలను పట్టుకొని తానెక్కడుందో తెలుసుకుంటుంది. వైఫై ఉన్న పెట్టైతే చుట్టుపక్కల ఇళ్ల వైఫైల పేర్లు ఆనవాలు పట్టి, ఇది ఫలానా వీధి అని పోల్చుకుంటుంది. ఈ పాత పెట్టెకు ఆ రెండూ లేవు. గదిలో పెట్టి తాళమేసిన గుడ్డివాడి లాంటిది, తానెక్కడుందో తనంతట తనకు తెలియదు. దానికి మిగిలినవి మూడే దార్లు. ఒకటి, తీగ కంపెనీ ఇచ్చిన నెంబరు. దాన్ని బట్టి చూస్తే మహా అయితే కర్నూలు అంటుంది, ఒక్కోసారి హైదరాబాదు అని కూడా అంటుంది, అంతకన్నా దగ్గరికి రాలేదు. రెండోది, పెట్టెలో మనం రాసిపెట్టే ఊరు. అక్కడ చూశాడు, ఖాళీగా ఉంది. మూడోది, ఇది నా ఇల్లు అని ఖాతా సొంతదారు చెప్పిన చోటు. వేరే ఆధారం లేనప్పుడు సొంతదారు మాటే దానికి వేదం.

పరమేష్ ఆ మూడోది తెరిచి, తెర దగ్గరికి వంగి చూశాడు.

‘అక్కా, ఈడ కోడుమూరు ఉండాల కదా. ఎవరో మార్చినారు. పోయిన నెల ఇరవై ఏడో తారీకు, పగలు పదకొండుకు. చేత్తో మార్చినారు.’

ఈ పెట్టెలో ఖాతా ఎప్పుడూ తెరిచే ఉంటుంది గానీ, ఇంకోచోటి నుంచి తెరవాలంటే పాస్‌వర్డు కావాలి, అది హనుమేష్‌కు ఒక్కడికే తెలుసు. దొంగలు కూడా ఇలాంటివి చేస్తుంటారులే అని పరమేష్ నసిగాడు. శివలీల ఆ మాట వినడం లేదు. తెర మీది పటంలో, కమలాపురంలో ఏదో కప్పు మీద ఎర్రచుక్క ఉంది. దాని కింద ‘మన ఇల్లు’ అని రాసి ఉంది. కంప్యూటరు కొన్న కొత్తలో హనుమేష్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, పటంలో తమ ఇంటి కప్పు వెతికి, చుక్క పెట్టి, కింద ఆ రెండు మాటలే కొట్టాడు. నా ఇల్లు అని కొట్టొచ్చు కదా అంటే, నువ్వుండావు కదే అన్నాడు. ఇప్పుడు ఆ ‘మన’లో తాను లేదు. ఉన్నది ఇంకెవరో. ఏడేళ్లూ పొంగని దుఃఖం అప్పుడు పొంగింది. అది అతను పోయినందుకు కాదు, ఉన్నందుకు.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. రెండు రోజులు ఆ మాటను లోపలే మింగింది. మూడోనాడు అత్తకూ మరిదికీ చెప్పేసింది. ఈరేష్ అప్పటికప్పుడు జీపు మాట్లాడుకొని కమలాపురం పోతానని లేచాడు. ఉరుకుందమ్మ చేయి అడ్డం పెట్టింది.

‘పోగూడదు. ఈడ్చుకొస్తే ఒళ్లు వస్తాది, మనిషి రాడు. మూడు పిలుపులు ఉండాయి కదా శివలీలా, పిలువు.’

‘మూడు దార్లకాడ పిలిస్తే కమలాపురానికి యాడ ఇనపడతాది అత్తా?’

‘నోటితోనే పిలవాలని యాడుండాది? వానికి ఇనపడే తావున పిలువు.’

మర్నాడు ఉరుకుందమ్మ ఏడేళ్లలో మొదటిసారి దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. శివలీల పటంలో కమలాపురం మీది చుక్కను తీసేసి, తమ ఇంటి కప్పు మీద పెట్టింది. అది మొదటి పిలుపు. ‘నమస్కారం హనుమేష్ గారూ, మీరు కోడుమూరులో ఉన్నారు’ అంది గొంతు. కొడుకు పేరు వినగానే ఉరుకుందమ్మ లేచి పెట్టె మీద అరచేయి పెట్టింది. ‘వెచ్చగుండాది’ అంది. ఆ రోజంతా ఆ చేయి తీయలేదు.

మర్నాడు పదకొండింటికి చుక్క మళ్లీ కమలాపురంలో ఉంది. శివలీల దాన్ని మళ్లీ తెచ్చి తమ కప్పు మీద పెట్టింది. రెండో పిలుపు. ఈసారి అది తిరిగి కమలాపురం పోవడానికి రెండు గంటలు కూడా పట్టలేదు. అవతల ఎవరో చూస్తున్నారు. కోడుమూరు అని చదువుతున్నారు. చదివి, తీసేస్తున్నారు. ఒక్క మాట లేదు, ఒక్క అక్షరం లేదు. బయట జనం అడంగళ్ల కోసం వరసలో నిలబడి తొందరపెడుతున్నారు. లోపల అత్తాకోడళ్లు ఒక చుక్కను చూస్తూ కూర్చున్నారు.

మూడోనాడు శివలీల చుక్కను తమ ఇంటి మీద పెట్టి ఇంకా చేయి తీయనేలేదు. ఇద్దరూ చూస్తుండగానే అది మాయమై కమలాపురంలో తేలింది. మరుక్షణం తెర తెల్లబోయింది. అవతలి నుంచి ఖాతాకు తాళం పడింది, పాస్‌వర్డు అడిగింది. ‘మీరెవరో నాకు తెలియడం లేదు. దయచేసి లాగిన్ అవ్వండి’ అంది గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా.

ఉరుకుందమ్మ పెట్టె మీది చేయి మెల్లగా తీసుకుంది.

‘బతికుండి పలకనోడు సచ్చినోడే’ అంది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. తర్వాత మంచినీళ్లు అడిగి తాగింది.

అమావాస్య మధ్యాహ్నం మూడు దార్ల దగ్గర జనం మూగారు. అతను పోయిన దారి అని పెద్దలు కర్నూలు రోడ్డు వైపు నిలబడమన్నారు. శివలీల కడప వైపు తిరిగి నిలబడింది. ఎండకు దిక్కు తెలియలేదు పాపం అనుకున్నారు సంగతి తెలియని జనం. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మొదటిసారి భర్త పేరు గట్టిగా పలికింది. మూడో పిలుపుకు రోడ్డు పక్క పడుకున్న కుక్క లేచి నిలబడింది. పలుకు రాలేదు. తర్వాత జొన్నపిండి బొమ్మను పూడ్చారు. చెప్పులూ తువ్వాలూ దానితోపాటే వేశారు.

పదకొండు రోజులయ్యాక పరమేష్ వచ్చి, పెట్టెలో శివలీల పేరు మీద కొత్త ఖాతా తెరిచాడు. వెనకే ఉరుకుందమ్మ కూడా వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

‘నమస్కారం శివలీల గారూ’ అంది గొంతు. ‘మీరు ఎక్కడ ఉన్నారో నాకు తెలియడం లేదు. మీ ఇల్లు ఎక్కడ?’

శివలీల ఇన్ని రోజులుగా పైకి అడగడానికి సిగ్గుపడిన ప్రశ్న అది. పరమేష్ ముఖం చూసింది, తల దించుకుంది. గొంతు మళ్లీ అడిగింది, మీ ఇల్లు ఎక్కడ అని.

ఉరుకుందమ్మ స్టూలు మీంచి ముందుకు వంగింది. ఆ పెట్టెతో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. మైకుకు నోరు దగ్గరగా పెట్టి, చెవిటివాళ్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

‘దీని ఇల్లు ఈడే ఉండాది. కోడుమూరులో. నాకాడ.’

క్షమించండి, అర్థం కాలేదు అంది గొంతు. శివలీల కళ్లు తుడుచుకొని, పటంలో తమ కప్పు వెతికి చుక్క పెట్టింది. దాని కింద పేరు రాయమంటే ‘మన ఇల్లు’ అని కొట్టింది.