ఆయుధ పూజనాడు కడిగిన హాపర్

నేను పెనుకొండలో రైలెక్కేసరికి నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ధర్మవరం నుంచి కిటికీ పక్కన దర్జాగా కూర్చుని వస్తుండేవాడు. నన్ను చూడగానే పక్క సీట్లోని సంచి తీసి, "అన్నా, ఈడ కూర్చో" అనేవాడు. నా కోసం సీటు ఆపినందుకు కూడా నాకు ఒళ్లు మండేది.

ఇద్దరిదీ హిందూపురం దగ్గర ఒకే ఫ్యాక్టరీ, బొగ్గు ఫర్నేసుతో నడిచేది. బొగ్గు కాలినప్పుడు అందులోని పాదరసం ఆవిరై పొగతో పోతుంది. కంటికి కనపడదు, గుడ్డ సంచుల ఫిల్టర్‌కూ చిక్కదు. అందుకని పొగ పోయే గొట్టంలోకి టెంకాయ చిప్పల నుంచి చేసిన యాక్టివేటెడ్ కార్బన్ పొడి ఊదుతాం. పాదరసం ఆ పొడికి అంటుకుంటుంది, పొడి సంచుల్లో ఆగిపోతుంది. తొమ్మిదేళ్లుగా ఆ పొడి పని నాది. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లో నలుపు వదిలేది కాదు.

అతను మగ్గం మానేసి వచ్చి ఏడాది కూడా కాలేదు. పని నేర్పమని మేనేజరు సారు నాకే అప్పజెప్పారు. ఒకరోజు ఫిల్టర్ సంచుల్లో చిరుగు ఎక్కడుందో తెలియక మేమంతా టార్చీలతో తంటాలు పడుతుంటే, అతను గుడ్డ మీద వేళ్లు పోనిచ్చి, "ఈడ పోగు తెగిండాది" అన్నాడు. నిజంగానే తెగింది. సారు అతని భుజం తట్టారు. తొమ్మిదేళ్లలో నా భుజం తట్టినవాడు లేడు. ఆ పూట అన్నం సయించలేదు. దసరా పండగయ్యాక కార్బన్ గదికి ఇన్‌చార్జిని వేస్తారని అందరికీ తెలుసు. ఆ పని నాదేనని అప్పటిదాకా ధీమాగా ఉన్నాను.

ఆయుధ పూజకు ఫర్నేసు ఆపాం. బండైనా, నాగలైనా కడిగి పసుపు కుంకుమ పెట్టందే మా వైపు పూజ కాదు. అతనూ అంతే భక్తిగా కార్బన్ పోసే హాపర్‌ను, ఆ పెద్ద ఇనుప గరాటును, లోపలా బయటా నీళ్లతో కడిగేశాడు.

"సూడన్నా, అద్దం మాదిరి ఉండాది."

తడి తగిలితే కార్బన్ గడ్డ కడుతుందని నేనింకా అతనికి చెప్పలేదు. అప్పుడు చెప్పినా ఆరబెట్టుకునేవాళ్లం. "బాగుంది" అన్నాను. హాపర్‌కు బొట్టు కూడా నేనే పెట్టాను.

మర్నాడు ఆ తడిలోనే అతను పొడి పోశాడు. కాసేపటికే అది అడుగున గడ్డకట్టి కిందికి దిగలేదు. చిమ్నీ మీటర్లో పాదరసం పెరిగిపోయింది, ఫర్నేసు ఆపేశారు. దాచడమెందుకు, నా కడుపు చల్లబడింది.

సారు అందరి ముందూ అరిచారు. "నీళ్లు తగలకూడదని నీకెవరూ చెప్పలేదా?"

చెప్పాల్సినవాణ్ణి నేనే. అతను ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. అతనికి అంతా అర్థమైపోయిందని నాకూ తెలిసింది.

"అన్న చెప్పినాడు సార్. నేనే మర్సిపోయినా."

ఇన్‌చార్జి పని నాకొచ్చింది. అతన్ని బొగ్గు యార్డుకు పంపారు. ఆ మాట నేనైతే అనగలిగేవాణ్ణా అని ఇంటికెళ్లేదాకా ఆలోచించాను. అనలేనని తెలిశాక, అతని వేళ్ల మీద కంటే ఆ మాట మీద ఎక్కువ కుళ్లు పుట్టింది.

మర్నాడు రైలెక్కగానే ఎప్పటిలాగే సంచి తీసి, "అన్నా, ఈడ కూర్చో" అన్నాడు. సీటు ఖాళీగానే ఉంది. హిందూపురం దాకా తలుపు దగ్గరే నిలబడి వెళ్లాను.