వేళ్లు నొచ్చినవాళ్ల బుల్‌బుల్ తార

మా వదిన పోయింది. పొద్దున మొదటి బస్సుకు బళ్లారి కౌల్ బజార్‌లోని మా పుట్టింటి నుంచి మనిషి కురుగోడుకు వచ్చి, మా గడప బయటే నిలబడి, "మీ వదినమ్మ పోయిందక్కా, బిన్నా రమ్మన్నారు" అన్నాడు. జ్వరం అన్నారు, తగ్గింది అన్నారు, ఆ తర్వాత కబురు ఇది.

బస్సులో నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కర్మంతరాలు అయిపోయినా తగ్గలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మా అన్న దగ్గర కూర్చుని అదే మాట అన్నారు. "అదృష్టవంతురాలప్పా. బళ్లారిలో ఇంగెవరింట్లోనూ లేని వాద్యం ఆయమ్మ కోసం బొంబాయి నుంచి తెప్పించినావు." విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వాద్యమే ఆమె పాటకు అడ్డం పడిందని ఎవరు చెప్పాలి? చచ్చిపోయిన మనిషి చెప్పదు. అన్నకు ఈ పొద్దుటికీ తెలియదు. అందుకే నేను రాస్తున్నాను.

వదిన ఎమ్మిగనూరు పిల్ల. మా జిల్లా మైసూరులో కలిసి, బజారులో అంగడి బోర్డులకు కన్నడం రాయిస్తున్న రోజుల్లో మా ఇంటికి కోడలుగా వచ్చింది. ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద, పాత కోకగుడ్డలో చుట్టిన బుల్‌బుల్ తార ఒకటి ఉంది. చూడనివాళ్లకు చెబుతాను. మూరెడు పొడవు చెక్కపెట్టె, మీద తీగలు, తీగల పైన టైపు మిషనుకున్నట్టు మీటలు. ఎడమచేత్తో మీట నొక్కాలి, కుడిచేత్తో రేకుముక్క పట్టుకుని తీగలు గీకాలి. ఆమెది జాతరలో గాజులు, పీపీలు అమ్మే అంగట్లో కొన్నది. టీ పెట్టె చెక్కతో చేసింది. వెనక్కి తిప్పితే ఇంగ్లీషు అక్షరాలు సగం సగం కనబడేవి.

శబ్దం గొప్పగా ఏమీ ఉండేది కాదు. కొంచెం రేకు మోత. వానాకాలం చెక్క ఉబ్బితే మీటలు పైకి లేచేవి కావు. వదిన దాన్ని మిరపకాయల పక్కనే ఎండలో పెట్టేది. తీగ తెగితే సైకిల్ షాపు నుంచి బ్రేకు తీగ తెప్పించి, అందులో ఒక పోగు లాగి కట్టేది. ఒక మీట మీది బిళ్ల ఊడిపోతే చింతగింజ అరగదీసి లక్కతో అంటించింది. అసలు బిళ్లల కన్నా అదే గట్టిగా నిలిచింది.

ఇప్పుడు మా ఇంటి పని సంగతి చెప్పాలి. అన్నది శెనక్కాయల వ్యాపారం. తొలకరికి ముందు విత్తనం కాయలు ఒలిపించాలి. మిషనులో వేస్తే గింజ మొన విరిగి మొలకెత్తదు, అందుకని ఆడవాళ్లు చేత్తోనే ఒలుస్తారు. మా ఇంటి ముందు పడసాలలో రాశి పోస్తే చుట్టూ కూర్చునేవాళ్లు. మధ్యాహ్నానికి బొటనవేలు, చూపుడువేలు ఎర్రబడి, గోరు కింద రక్తం చిమ్మేది. కాయలకు అంటుకున్న ఎర్రమట్టి ఆ గాట్లలోకి పోయి చుర్రుమనేది.

వదిన వచ్చిన మొదటి ఏడాది రాశి పక్కన కూర్చుని తానూ ఒలిచింది. వేళ్లు నొచ్చినాక లోపలికి పోయి తార తెచ్చి వాయించింది. అందరూ నవ్వారు. వాళ్లలో పెద్దది, మేము అవ్వా అని పిలిచే ఆమె, "నీకు నొస్తే వాయిస్తాండావు, మాకు నొస్తే ఏంది గతి?" అని అడిగింది. తమాషాకే అడిగింది. వదిన తార తీసి అవ్వ ఒళ్లో పెట్టింది.

"నాకు రాదమ్మా!"

"దానికి గూడ ఏమీ రాదులే అవ్వా. నువ్వు మీట నొక్కు, నేను గీకుతా."

ఆ పొద్దు నుంచి మా పడసాలలో అదే పద్ధతి. ఎవరికి వేళ్లు నొస్తే వాళ్ల ఒళ్లోకి తార. నొప్పి లేని వేళ్లతో వాళ్లు మీట నొక్కాలి, పక్కనామె రేకుముక్కతో గీకాలి, మిగతావాళ్లు ఒలుస్తూ పాడాలి. ఒక పాట అయ్యేదాకా ఆ ఇద్దరూ కాయ ముట్టరు. ఎవరూ ఏమీ అనరు. ఎవరూ దాన్ని విశ్రాంతి అనలేదు, తీసుకున్నారు, అంతే. మా అమ్మ మొదట్లో సణిగింది కానీ రాశి కరిగే వేగం చూసి ఊరుకుంది. కన్నడం పాట వచ్చినామె కన్నడం, తెలుగు వచ్చినామె తెలుగు. తార నిండా ఎర్రమట్టి, శెనగనూనె జిడ్డు. తప్పు మీట పడితే అందరూ ఒక్కసారి పగలబడి నవ్వేవాళ్లు. నాకు పెళ్లి కాలేదప్పటికి, ఆ రాశి దగ్గరే నేనూ పెరిగినట్టు లెక్క.

వదిన అనేది: "మంచిదైతే దాన్ని మనం చూసుకోవాల. ఇదైతే మనల్ని చూసుకుంటాది పాపా."

అన్నకు వ్యాపారం కలిసొచ్చింది. తప్పేముంది, కష్టపడ్డాడు. భార్య అంటే ప్రాణం, అదీ నిజమే. ఒకరోజు పెద్ద మనుషులు ఇంటికొస్తే వదిన పడసాలలో కూలోళ్ల మధ్య కూర్చుని ఆ చెక్కముక్క గీకుతూ ఉంది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. నెల తిరక్కుండానే బొంబాయి నుంచి కొత్తది దిగింది. నల్లటి జిట్రేగి చెక్క, మేము బీటె అంటాం, అంచులకు ముత్యపు చిప్ప పొదుగు, పాలలాంటి తెల్ల మీటలు, లోపల ఊదారంగు మఖమల్ వేసిన పెట్టె, పెట్టెకు తాళం. మూత తీసి చూపిస్తుంటే అన్న మొహం వెలిగిపోయింది. నిజంగా అందమైన వస్తువు. కాదనను.

వదిన నవ్వుతూనే చూసింది. అవ్వ కూడా రాశి దగ్గర నుంచి లేచి వచ్చి వంగి చూసి చెయ్యి చాపింది. "ఏయ్, ముట్టొద్దు! చేతులు చూసుకున్నావా?" అన్నాడు అన్న. గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. అవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది. అది నేను చూశాను. వదినా చూసింది.

"పాతది యాడ పెట్టినానో, కనపడలేదే?" అని వదిన సాయంత్రం ఇల్లంతా వెతికింది. నీళ్ల కాగు కింద ఉంది. కొత్తది వచ్చింది కదా అని అన్న పొద్దున్నే పొయ్యిలో పెట్టించాడు. తీగలు నల్లగా చుట్టుకుని బూడిదలో పడి ఉన్నాయి. నేను అరిచాను. "ఏం పని చేసినావన్నా? అడగాల్నని గూడ తోచలేదా?"

"పాతది పోతే ఏందిలే పాపా, దాని బదులు నూరు రెట్లు మంచిది వచ్చింది గదా."

ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. నూరు రెట్లు మంచిదట. ఎవరికి మంచిది? బొంబాయి తార వాయించాలంటే చాప వెయ్యాలి, చేతులు కడగాలి, తలుపు వెయ్యాలి, తప్పు పోకూడదు. వదిన ఒక్కసారి ఒళ్లో పెట్టుకుంది, అన్న కోసం. రెండు మీటలు నొక్కి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టింది. నేను ఎందుకని అడిగితే, "పాతదాంట్లో తప్పు పోతే అది గూడ నగుతాండె. ఇది కసురుకుంటాది పాపా" అంది. ఇంకో మాట కూడా అంది, పొయ్యి దగ్గర, తల ఎత్తకుండా: "అవ్వ చేతికి రానిది నా చేతికి ఏంటికి?"

అంతే. మళ్లీ తాళం తియ్యలేదు. మొగుడితో పోట్లాడలేదు, అలగలేదు, వండి పెట్టింది, నవ్వింది. అదే నాకు ఇంకా మంట. జాతరలో ఇంకొకటి కొనుక్కో వదినా అని పోరాను. "ఆయన మనసు నొచ్చుకుంటాది" అంది. ఆయన మనసు! ప్రతి ఏడూ తొలకరికి ముందు రాశి పోశారు, ఆడవాళ్లు వచ్చారు, ఒలిచారు. వేలు నొచ్చినామె వేలును నోట్లో పెట్టుకుని, తడి చేసుకుని, మళ్లీ ఇంకో కాయ తీసుకునేది. పెళ్లయి కురుగోడు పోయినాక నేను ఎప్పుడు వచ్చినా ఆ పడసాలలో కాయల చిటపట తప్ప ఏమీ వినబడేది కాదు. హాల్లో అద్దాల బీరువాలో మాత్రం బొంబాయి పెట్టె తళతళలాడుతూ ఉండేది. వచ్చినవాళ్లకు అన్న చూపించేవాడు.

కబురు అందిన రోజు నేను బస్సు దిగి పోయేసరికి వదినను పడసాలలో పడుకోబెట్టారు. పక్కన ఆ పెట్టె, మూత తెరిచి, తార మీద మల్లెదండ వేసి. అన్న గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. "ఏం తక్కువ చేసినా పాపా నేను ఆయమ్మకు?" అన్నాడు నన్ను చూసి. నా నోటి దాకా వచ్చింది. ఆ ఏడుపు చూసి దిగమింగుకున్నాను.

అప్పుడు ఆడవాళ్లు వచ్చారు. ఆ ఏడు రాశి గోదాములో పోశారు, అక్కడ ఒలుస్తున్నవాళ్లు ఒలుస్తున్నట్టే లేచి వచ్చారు. చేతుల నిండా మట్టి. వాకిట్లోనే నిలబడిపోయారు. అవ్వ బాగా ముసలిదయింది. నేను మల్లెదండ తీసి వదిన పాదాల దగ్గర పెట్టి, తార రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లోకి పోయాను. ఎవరో పెద్దాయన, "ఏందమ్మా ఇది, వాళ్లను చేతులన్నా కడుక్కోనీ" అన్నాడు. "నోరు మూసుకోప్పా!" అన్నాను. చావింట్లో అట్లా అరిచిన ఆడదాన్ని నేనే అయ్యుంటాను.

అవ్వ ముందు కూర్చుని తార ఆమె ఒళ్లో పెట్టాను. "నువ్వు మీట నొక్కవ్వా, నేను గీకుతా."

ఆమె అన్న వైపు చూసింది, వదిన వైపు చూసింది. బొటనవేలితో ఒక మీట నొక్కింది. నేను గీకాను. తీగలు మోగలేదు. ఇన్నేళ్లు ఎవరూ తాకక తుప్పు పట్టి, పొడి పొడిగా తెగి రాలిపోయాయి. మీట మాత్రం టక్కుమంది. అవ్వ అప్పుడు ఏడ్చింది. నేనూ అప్పుడే ఏడ్చాను.

వదినను తీసుకుపోయినాక ఇల్లంతా కడిగారు, గోడల దాకా నీళ్లు చల్లారు. అన్న వచ్చి తార చేతిలోకి తీసుకుని చూశాడు. భుజం మీది తువ్వాల తీసి తుడవబోయాడు.

"చెయ్యి తియ్యన్నా" అన్నాను.

తీశాడు. ఎందుకని అడగలేదు. అది ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉంది, తీగలు లేకుండా. అన్ని మీటలూ బొంబాయి నుంచి వచ్చిన రోజున ఉన్నట్టే తెల్లగా ఉన్నాయి. మధ్యలో ఒక్కదాని మీద ఎర్రమట్టితో అవ్వ బొటనవేలి గుర్తు ఉంది.