ఆ రాత్రి స్విచ్చి కట్టేసింది నేనే

"నా ప్లగ్గు పీకొద్దని నీకెన్నిసార్లు చెప్పానమ్మా! ఇప్పుడు నా పరీక్ష నువ్వు రాయిస్తావా?"

"నేను దాని జోలికే పోలేదే. ఇస్త్రీ పెట్టె పక్క బోర్డుకి పెట్టుకున్నాను."

"అయితే దెయ్యం పీకిందా?"

అరుస్తున్నది నా మనవరాలు స్వాతి. మాట పడుతున్నది దాని తల్లి, నా కోడలు. స్వాతి నా వైపు తిరిగింది. "నాన్నమ్మా, అందరికంటే ముందు లేచేది నువ్వేగా. నువ్వు చెప్పు."

"మీ అమ్మ ఇస్త్రీ పెట్టె పట్టుకుని నీ గదిలోకి వెళ్ళడం చూశాను మరి" అన్నాను.

అబద్ధం కాదు. వెళ్ళిన మాట నిజమే. కానీ కోడలు ఏమీ పీకలేదని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి నా గుండెల మీద కూర్చున్నది ఆ ఒక్క మాటే.

స్వాతి ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ చచ్చిపోయింది. ఛార్జర్ పెడితేనే నడిచేది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ళంత బ్యాటరీ కూడా అయిపోయింది. కరెంటు ఆగితే చాలు, తేదీ ఎక్కడికో వెనక్కి పోయేది. తేదీ తప్పితే పరీక్ష పేజీలు తెరుచుకోవట. గవర్నర్‌పేటలో రిపేరు కొట్లో ఇచ్చి బాగు చేయించుకుంటానంటే, నడుస్తోందిగా, ఇప్పుడెందుకని ఆపింది నేనే. సరే, అయితే స్విచ్చి మాత్రం కట్టొద్దని స్వాతి అందరికీ చెప్పింది. నాకూ చెప్పింది. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గానీ, ఆ మాట అర్థం కానంత చిన్నపిల్లనా?

పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులు కట్టడం నాకు అలవాటు. ఎవరూ ముట్టని యంత్రానికి రాత్రంతా కరెంటు పోతుంటే ఎన్నాళ్ళు చూస్తాను? దాని ఉద్యోగ పరీక్ష ముందు రాత్రి కట్టేశాను. తెల్లవారి ఎవరూ లేవకముందే మళ్ళీ వేశాను. పేజీ రాకపోతే నెట్ పోయిందనుకుని స్వాతి దాంతోనే తంటాలు పడింది. తేదీ సంగతి తట్టేసరికి పరీక్ష మొదలైపోయింది, ఇక లోపలికి రానివ్వలేదు.

తరవాత వేరే ఉద్యోగం వచ్చింది, చేసుకుంటోంది. పోయింది ఉద్యోగం కాదు. ఇప్పటికీ తన వస్తువేదీ అమ్మను ముట్టుకోనివ్వదు. ఆ తల్లీకూతుళ్ళ మధ్య మాటలు అవసరానికి మించి సాగవు.

ఎందుకు చెప్పలేదు? మనవరాలికి భయపడా? కాదు. ఫ్యాను కట్టలేదని, కుళాయి వదిలేసిందని కాపురానికి వచ్చిన రోజు నుంచీ కోడల్ని సాధించినదాన్ని. నా జాగ్రత్తే కొంప ముంచిందని ఆమె ముందు నా నోటితో ఒప్పుకోవాలా? అంతే. అంతకంటే గొప్ప కారణం వెతికినా దొరకలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళకి ఇంకా చెప్పనేలేదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది.

గొడవ జరిగిన మర్నాడు పొద్దున కోడలు ఇస్త్రీ పెట్టెకి తీగ చుట్టి అటక మీద పెట్టేసింది. బట్టలు మూటగట్టి వీధి చివర ఇస్త్రీ బండికి ఇచ్చి వచ్చింది. ముడతల చీరతోనే పిల్లలకు పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అత్తయ్యా, కాఫీ పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకు తాగండి" అంది.

వేడి చేసుకుని తాగాను.