కొండకిచ్చిన జుట్టు

ఈమధ్య క్షౌరశాలల్లో అద్దాలు మరీ ఎక్కువైపోయాయి. ముందొకటి, వెనకొకటి పెట్టి, లేని జుట్టును రెండు వైపుల నుంచీ చూపిస్తున్నారు. మొన్న అలా చూసుకుంటూ కూర్చుంటే ఎస్తేరమ్మ గుర్తొచ్చింది.

ఆరో ఏట నాకు జడ ఉండేది. తిరుపతి మొక్కు తీరేదాకా కత్తెర తగలకూడదని మా నాయనమ్మ శాసనం. కృష్ణపట్నం దగ్గర మా ఊరి పక్కనే పోయే బకింగ్‌హాం కాలువలో, ఉప్పు పడవ ఎక్కబోయి జారి పడ్డాను. ఒడ్డున చేపలు కడుగుతున్న ఎస్తేరమ్మ దూకి, ఆ జడ పట్టుకుని నన్ను బయటికి లాగి, వీపు మీద నాలుగు బాదింది. నీళ్లు కక్కించడానికని నాకేం తెలుసు? నీచు వాసన కొట్టే ఆ చేతిని గట్టిగా కొరికాను.

"కొరికినాడంటే బతికినట్టేలే" అని నవ్విందావిడ.

ఇంట్లో నాయనమ్మ తేల్చేసింది: "మొక్కు జుట్టు గదా, తనకు ముట్టకుండా స్వామి పోనిస్తాడా?" వెంటనే కొండకు తీసుకెళ్లి గుండు చేయించారు. స్వామే జడ పట్టి లాగాడని చెప్పుకుంటూ లడ్డూ వీధంతా పంచారు. కిరస్తానీ వాళ్లు ప్రసాదం తినరని ఎస్తేరమ్మ ఇంటికి మాత్రం పంపలేదు. నేనైతే ఆవిడ ఎదురైతే వీపు తడుముకుంటూ పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

నెల్లూరు కాలేజీలో చేరాక గానీ ఆ దెబ్బలెందుకో నా బుర్రకెక్కలేదు. సెలవులకు వెళ్లినప్పుడు ఆవిడతో చెబుదామనుకున్నాను. సెలవులు చాలానే వచ్చాయి. చివరికి నేను వెళ్లేసరికి ఆవిడ సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్న కూతురు మేరీతో, "మీ అమ్మే నన్ను బతికించిందక్కా" అన్నాను.

మేరీ తలెత్తలేదు.

"ఆ మాట కొండకే పోయి చెప్పబ్బయా. నిన్ను లాగింది ఆయనే గదా."