వరదలో ఆగిన బస్సు, పేరు లేని పురుగు

జగ్గయ్యపేటలో నేనెక్కిన విజయవాడ బస్సు నందిగామ దాటగానే ఆగిపోయింది. మున్నేరు పొంగి హైవే మీదికొచ్చేసింది. ముందూ వెనకా లారీలే.

అప్పుడే మా ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. కోట్ల ఏళ్ల కిందట చెట్టుజిగురులో చిక్కి గట్టిపడిన ఒక ఇయర్‌విగ్‌ మీద పనిచేస్తున్నాం. తోక చివర పట్టకారులాంటిది ఉండే పురుగది. ఇది ఎవరూ చూడని కొత్త ప్రజాతి. మేం పెట్టిన పేరు ఎప్పుడో ఒక చేపకి పెట్టేశారట, ఒకే పేరు రెండు ప్రజాతులకి ఉండకూడదు. సాయంత్రంలోగా వేరే పేరు కావాలన్నారు.

పక్క సీట్లో మస్తాన్‌బీ గారు. విజయవాడలో కూతురికి నొప్పులొస్తున్నాయని బయల్దేరారు.

"పేరెవరికమ్మా, బాబుకా పాపకా?"

"పురుగుకండి. గుడ్ల దగ్గరుండగా జిగురు మీద పడింది."

ఫోన్లో ఫొటో చాలాసేపు చూశారు. "పారిపోవచ్చుగా?"

"ఈ పురుగుల్లో తల్లి గుడ్లని వదిలి పోదండి."

"అది పిల్లల దగ్గరే ఉంది. నేను చూడు, ఇక్కడున్నా," అని కళ్లు తుడుచుకున్నారు.

ఫోన్ వెనక్కి తీసుకుని ప్రొఫెసర్ గారికి 'తల్లిలాబిస్' అని పంపాను. లాబిస్ అంటే గ్రీకులో పట్టకారు. ఆయన వెతికి చూసి, ఎవరూ వాడలేదు, ఖాయం చేద్దామన్నారు.

ఇందాక మస్తాన్‌బీ గారి ఫోన్ మోగింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. ఏడుస్తూ నవ్వుతూ బస్సంతా చెప్పొచ్చారు. నీళ్లు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు మనవరాలికీ నన్నే పేరు చెప్పమంటున్నారు, పురుగులది కాకుండా. బస్సు కదిలేలోపు మీరెవరైనా ఒకటి చెప్పండి.