కిబిబి గుండెల్లోని బల్ఘము

కిబిబి మాట మధ్యలో ఆగేది. ఊళ్లోవాళ్లు దాన్ని పెద్దమనిషి తరహా అనుకున్నారు. నిజానికి ఆ క్షణంలో ఆమె దగ్గును మింగుతూ ఉండేది. పెంబా దీవిలో, వేతె పట్టణానికి అవతల మడ చెట్ల అంచున ఉన్న ఆ ఊళ్లో నలుగురి ముందు ఖాండ్రించి ఉమ్మడం ఆడవాళ్ల లక్షణం కాదు. తల్లి నేర్పిన మర్యాదల్లో కిబిబి ఒక్కటీ వదిలిపెట్టలేదు.

ఆమె చిన్నతనమంతా లవంగాల వాసనలో గడిచింది. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ చాపల మీద కూర్చుని మొగ్గలను కాడల నుంచి గిల్లి వేరుచేసేవారు. గోళ్ల కింద చేరిన నూనె పడుకునేదాకా మండుతూనే ఉండేది. తర్వాత చేపలు పట్టే మకామెను చేసుకుంది. ఐదుగురిని కంటే జైతూన్ ఒక్కతే నిలిచింది. మకామె పోయాక సముద్రపు నాచు సాగులోకి దిగింది. పాటుకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మేకులు పాతి, తాళ్లు బిగించి, తాడు పొడవునా నాచు రెమ్మలు ముడివేయాలి. మోకాళ్లలోతు నీళ్లలో మొదలుపెట్టిన పని నడుములోతు నీళ్లలో ముగిసేది. ఏళ్ల తరబడి అలా నానిన ఒళ్లు ఆమెది. అలుపు ఆమె ఇంట్లో ఒక మనిషిలా స్థిరపడిపోయింది. దానికి వేరుగా పేరు పెట్టి పిలవాలన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

పేరు పెట్టినవాడు షామె. మూలికలు తెలిసిన ముసలాయన, అరబ్బీ చదువుకున్నవాడు. మనిషి ఒంట్లో నాలుగు సారాలుంటాయని, రక్తం, పసరు, నల్లపసరు పోగా నాలుగోది బల్ఘమని ఆయన లెక్క. అది చల్లనిది, తడిది, బరువైనది. చన్నీళ్లలో నిలబడేవాళ్ల ఒంట్లో పేరుకుని కీళ్లను పట్టేస్తుంది, గుండెల్లో కూర్చుంటుంది. అది ఎక్కువగా ఉన్న మనిషి నిదానంగా ఉంటుంది, కోపం తెచ్చుకోదు. "కిబిబిది బల్ఘము ఒళ్లు" అని ఊరంతా అనేది అందుకే. ఆ మాటలో కొంత జాలి, ఎక్కువ మెప్పు ఉండేవి. తాను నిదానంగా ఉండేది ఓపిక మిగలకనేమో అని కిబిబికి ఒకటి రెండుసార్లు తోచింది. అయితే మెప్పును కాదనడం కూడా పనే కదా.

బల్ఘము అన్న మాట ఆ ఊళ్లో పుట్టింది కాదు. అరబ్బుల ఓడల్లో ఖర్జూరాలతోపాటు దిగింది. అరబ్బులు దాన్ని గ్రీకుల దగ్గర తీసుకున్నారు. గ్రీకుల దగ్గర దానికి మొదటి అర్థం మంట. ఒంట్లో మంట రేగినప్పుడు పుట్టే జిగురుకు ఆ పేరు పెట్టారని, చేతులు మారేకొద్దీ మంట ఆరిపోయి చలవ మాత్రమే మిగిలిందని షామె వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అల్లం దంచుతున్నంతసేపూ ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పేవాడు, వినేవాళ్లు తమ వంతు రావాలి కాబట్టి వినేవారు.

దగ్గితే నోట్లోకి వచ్చి పడేదానికి మాత్రం అక్కడ వేరే మాట ఉంది: మకొహోజి. తెలుగులో వైద్యుడు చెప్పే కఫానికీ, దగ్గితే పడే కళ్లెకూ ఎంత దూరమో, బల్ఘముకూ మకొహోజికీ అంతే దూరం. మొదటిది పెద్దల ముందు అనవచ్చు. రెండోది పెరట్లో అనే మాట.

జైతూన్‌కు తొలిచూలు నెలలు నిండుతుండగా కబురు వచ్చింది. అల్లుడు ఫకీ అక్క రయా ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఒకసారి వచ్చి వెళ్లమంటోంది. కిబిబి ఉతికిన కాంగా గుడ్డ కప్పుకుని వెళ్లింది. రయా లేచి నిలబడి, ఎదురొచ్చి, కుర్చీ జరిపి, నేల చూపులు చూస్తూ మాట్లాడింది.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఈమధ్య ఊపిరి ఎలా ఉంటోంది?"

"దేవుడి దయ, రయా అమ్మా. సముద్రం చలవ, అంతే."

"పసిగుడ్డు వచ్చే ఇల్లు కదా... తమ్ముడు ఒకసారి చూడమన్నాడు. ఏమీ లేదని తేలితే పురిటికి జైతూన్‌ను మీ దగ్గరికే పంపుతాడు. ఏదైనా ఉంటే మా అమ్మ చూసుకుంటుంది. మీకు శ్రమ ఉండదు."

శ్రమ! కిబిబి జీవితంలో తాను కోరుకున్న శ్రమ అదొక్కటే. మంచం కింద నిప్పుల కుండ పెట్టడం, మిరియాల జావ కాయడం, బాలింత నడుముకు గుడ్డ బిగించడం, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె రాయడం. నలుగురు పిల్లలు పోయిన ఇంట్లో ఆ పని కోసం ఆమె ఎన్నేళ్లుగానో కాచుకుని ఉంది.

రయా మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి రెండు చేతులతో అందించింది. ఆ డబ్బా ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. ఉమ్ము పనికిరాదని, లోతుగా ఊపిరి తీసి ఊపిరితిత్తుల అడుగు నుంచి దగ్గి కళ్లె తేవాలని, క్షయ పురుగు అందులోనే దొరుకుతుందని పొద్దుగూకులూ అందరికీ చెప్తూనే ఉంటుంది. అయితే ఎదురుగా ఉన్నది తమ్ముడి అత్తగారు. ఆ మాట ఆవిడ ముందు నోట్లోంచి రాదు.

"రేపు పొద్దున్నే, ఏమీ తినకముందు, మీ బల్ఘము... కొంచెం ఇందులో."

కిబిబి తల ఊపింది. దారిలో షామె ఇంటి దగ్గర ఆగింది.

"డబ్బాలో బల్ఘమా?" షామె డబ్బాను వెలుతురుకు పట్టి చూశాడు. "ఎముకల్లో ఉండేది డబ్బాలో ఎలా పడుతుందే?"

"నాకేం తెలుసు మామా! ఒంట్లో చలవ ఉందో పోయిందో చూస్తారు కాబోలు."

"అయితే పోగొట్టుకునే వెళ్లు. ఉన్నదాన్ని ఎందుకు చూపించడం?"

అల్లం, తేనె, నల్లజీలకర్ర కలిపి ఇచ్చాడు. రేపన్న పని కిబిబి కొన్నాళ్లు వాయిదా వేసి, మందు మింగి, వేడినీళ్లు తాగి, చేపల పులుసు మానేసింది. ఒకనాటి తెల్లవారుజామున గొంతు తేలికగా అనిపించింది. నమాజుకు కడుక్కున్నంత శ్రద్ధగా నోరు కడుక్కుని, డబ్బాలో ఉమ్మింది. తేటగా, నీళ్లలా ఉంది. వియ్యాలవారికి ఇవ్వదగినట్టే ఉంది అనుకుంది.

రయా మూత తీసి చూసింది. "అత్తయ్యగారూ, ఇది..." అంది. కిబిబి ముఖంలోకి చూసింది. మూత పెట్టేసింది.

పరీక్షలో ఏమీ కనబడలేదు. జైతూన్ పురిటికి వచ్చింది.

ఆడపిల్ల. తమీమా అని పేరు పెట్టారు. కిబిబి జావ కాచింది, నిప్పుల కుండ పెట్టింది, నూనె రాసింది. దగ్గు వచ్చినప్పుడు కాంగా కొంగు నోట్లో కుక్కుకునేది. రాత్రి చెమటకు చాప తడిసేది. రవికె వదులైపోతే సూదితో బిగించుకుంది. పురిటింటి చాకిరీ కదా, ఎవరు మాత్రం చిక్కిపోరు?

పాటు ఎక్కువగా ఉన్న రోజుల్లో మళ్లీ నాచు పనికి వెళ్లింది. పక్క తాడు రిజికిది. రిజికి ఆమె మేనమామ కూతురు, వదినామరదళ్ల వరస. ఆ వరసకు మాటల్లో అడ్డూఆపూ ఉండదు.

"వదినా, ఆ దగ్గు నాచుకు ఎరువా ఏంటి? ఒకటే వేస్తున్నావు!"

"చూపించుకున్నాను కదే. ఏమీ లేదన్నారు."

"ఏమిచ్చావు చూడడానికి?"

"బల్ఘము అడిగింది రయా. శుభ్రంగా నోరు కడుక్కుని ఇచ్చాను."

రిజికి చేతిలో ముడి జారిపోయింది. "నోరు కడుక్కునా?" నీళ్లలో నిలబడే పొట్ట పట్టుకుని నవ్వింది. "తేటగా ఉందా?"

"అద్దంలా ఉంది. షామె మామ మందు మంచిది."

"ఓసి నా తల్లీ! నీ తేట ఎవరికి కావాలే? వాళ్లు అడిగేది మకొహోజి! కళ్లె! మా ముసలాయనకు చేసినప్పుడు ఆ రయానే పెరట్లోకి లాక్కెళ్లి 'తాతా, అడుగు నుంచి లాగు, ఇంకా లాగు, చిక్కగా రావాలి' అని అరిచింది. బావిలోంచి చేద లాగినట్టు లాగాడు పాపం. రోడ్డు మీద మేకలు కూడా ఆగి చూశాయి!"

"నాతో ఆ మాట అనలేదే."

"నీతో ఎలా అంటుంది? వియ్యపురాలివి. నీకు పట్టుబట్ట కప్పిన మాట చెప్పింది, నువ్వు పట్టుబట్ట కప్పిన ఉమ్ము ఇచ్చావు. సరిపోయింది ఇద్దరికీ!"

కిబిబి నవ్వలేదు. రిజికి కూడా నవ్వు ఆపేసింది. నీళ్లు తొడల దాకా వచ్చాయి.

"బిడ్డ ఎక్కడ పడుకుంటోంది, వదినా?" అని అడిగింది, చాలా మెల్లగా.

"నా పక్కన."

తడి నాచు బస్తా నెత్తిన పెట్టుకుని కిబిబి ఇంటికి నడిచింది. బస్తా బరువు, ఎండ, ఉప్పు ఆరి బిగుసుకున్న కాళ్లు ఎప్పటివే. కొత్తది ఒక్క మాట. ఏమీ లేదని చెప్పినవాళ్లు తన ఊపిరితిత్తులను చూడనే లేదు, తను కడుక్కున్న నోటిని చూశారు. ఈ సంగతి రిజికికి తప్ప ఎవరికీ తెలియదు. రిజికి నోరు పెద్దదే, అయినా ఇటువంటివి బయటపెట్టదు. తను ఊరుకుంటే పురిటి రోజులు గడిచిపోతాయి. బిడ్డ తన కాళ్ల మీదే ఉంటుంది. చెప్తే, సాయంత్రానికల్లా బిడ్డ ఫకీ వాళ్ల అమ్మ ఇంటికి వెళ్లిపోతుంది.

లోపలి నుంచి జైతూన్ పిలిచింది. "అమ్మా, వచ్చావా? నీ చేతుల్లోకి వస్తేగానీ ఇది నిద్రపోవడం లేదు. ఏం మప్పావే దీనికి?"

"బట్టలు తడిగా ఉన్నాయి. నువ్వే జోకొట్టు."

గడప బయటే బస్తా దించి దాని మీదే కూర్చుంది. పోయిన నలుగురిలో రెండోవాడు గుర్తొచ్చాడు. తప్పటడుగులు వేసే వయసులో దగ్గుతూ దగ్గుతూ పోయాడు. అప్పుడు ఇంట్లో మకామె తల్లి కూడా దగ్గుతుండేది. అందరూ బల్ఘము అన్నారు. కిబిబి కూడా అదే అంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అందరూ మర్యాదస్థులే.

ఆ రాత్రి ఉక్కగా ఉందని చెప్పి వీధి అరుగు మీద పడుకుంది. తెల్లవారగానే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, రయా తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంది.

"రయా అమ్మా, మీరు అడగలేదు, నేను ఇవ్వలేదు. ఇవాళ కళ్లె ఇస్తాను. డబ్బా ఇలా ఇవ్వండి."

ఆ మాట ఆవిడ నోట విని రయా తలదించుకుంది. "అత్తయ్యగారూ, నాకు ఆ రోజే తెలిసింది. ఇది కాదని నోరు తెరిచి చెప్పలేకపోయాను."

"చెప్పినా మీ ముందు దగ్గగలిగేదాన్ని కాదేమో. అది అయిపోయింది. ఎలా లాగాలో చెప్పండి. రిజికి మొగుడికి చెప్పినట్టే చెప్పండి."

పెరట్లో బొప్పాయి చెట్టు కింద నిలబెట్టి రయా మెల్లగా మొదలుపెట్టింది. "లోతుగా పీల్చండి... ఆపండి... వదలండి..."

"గట్టిగా చెప్పండి. నాకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు."

"ఇంకా పీల్చండి! ఇప్పుడు అడుగు నుంచి! లాగండి అత్తయ్యగారూ, ఇంకా!"

కిబిబి చెట్టును పట్టుకుని దగ్గింది. ఏళ్లుగా మింగినదంతా ఒక్కసారి కదిలినట్టయింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. డబ్బాలో పడింది చిక్కగా, పసుపుపచ్చగా ఉంది. మధ్యలో దారం పోగులా ఎర్రటి చార ఉంది. మూత బిగించేటప్పుడు డబ్బా వెచ్చగా తగిలింది. ఇన్నాళ్లూ చలవ అనుకున్నది ఇంత వేడిగా ఉందేమిటి అనుకుంది. షామె అల్లం దంచుతూ చెప్పిన మంట కథ గుర్తుకొచ్చింది గానీ, దాని గురించి ఆలోచించే శక్తి లేక డబ్బా ఇచ్చేసి మెట్ల మీద కూలబడింది.

ఫలితం కోసం ఆమె ఆగలేదు. ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబడే, "జైతూన్, బట్టలు సర్దుకో. మీ అత్తగారింటికి వెళ్లు" అంది.

"ఏం తప్పు చేశానమ్మా?"

"నువ్వు కాదు. నా గుండెల్లో ఉన్నది బల్ఘము కాదు."

వాళ్ల భాషలో క్షయకు 'పెద్ద ఛాతీ' అని పేరు. పరీక్షలో ఆ పేరే వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగాలని, మానకుండా మింగితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటడం తగ్గుతుందని, ఆపైన పూర్తిగా నయమవుతుందని రయా చెప్పింది. జైతూన్‌ను పరీక్షించారు, ఏమీ లేదు. తమీమాకు ముందుజాగ్రత్తగా మందు మొదలుపెట్టారు.

తల్లీబిడ్డలను తీసుకెళ్లడానికి రయానే బండితో వచ్చింది. కిబిబి ముక్కూనోరూ కప్పుకుని వాకిలి అవతల, గాలి ఆడే చోట నిలబడింది. జైతూన్ ఏడుస్తోంది. అరుగుల మీద ఇరుగుపొరుగు చేరారు. "ఎంత నిబ్బరమో చూడు, బల్ఘము ఒళ్లు మరి" అని ఎవరో అన్నారు. కిబిబికి వినబడింది. కాళ్లు పీకుతున్నాయి, కూర్చోవాలని ఉంది, బండి కదిలేదాకా కూర్చోకూడదని నిలబడింది.

బిడ్డను ఎత్తుకున్న రయా బండి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. అరుగుల మీది వాళ్లందరికీ వినబడేలా, గొంతెత్తి అంది.

"అత్తయ్యగారూ! రెండు నెలలు నిండగానే మళ్లీ మకొహోజి తీసుకురండి! అది బాగుంటే మీ ఇంటికి తమీమాను తెస్తాను!"

అరుగుల మీద తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక ముసలమ్మ "అయ్యో" అని నోరు నొక్కుకుంది.

"తెస్తాను" అంది కిబిబి. మాట మధ్యలో దగ్గు వచ్చింది. మింగలేదు. పక్కకు తిరిగి, గుడ్డ అడ్డం పెట్టుకుని, అందరి ముందూ తనివితీరా దగ్గింది.